ప్రపంచ సాహిత్యం పేపరులో విద్యార్థుల వ్యాసాలను దిద్దడం ఎలా?

డిగ్రీ, పీజీ కళాశాలల్లో ప్రపంచ సాహిత్యం పేపరు కొత్తగా బోధిస్తున్న అధ్యాపకుల నుంచి సెమిస్టరు చివర నాకు ఒకే ప్రశ్న వస్తూ ఉంటుంది. పాఠం చెప్పడం ఎలాగో సాగిపోతుంది గాని, అసైన్‌మెంట్ల కట్ట బల్ల మీదికి చేరాక ఏ వ్యాసానికి 12 వేయాలో, ఏ వ్యాసానికి 15 వేయాలో, ఆ మూడు మార్కుల తేడా గురించి విద్యార్థి వచ్చి అడిగితే ఏమని చెప్పాలో తెలియడం లేదన్నది ఆ ప్రశ్న. ఆ బెంగ న్యాయమైనదే. ఒకే సెమిస్టరులో నార్వే నాటకాన్ని, జర్మన్ కథను, నైజీరియా నవలను చదివి, వాటిలో కొన్నిటిని అనువాదంలోనే చదివి, తనకు పూర్తిగా పట్టుబడని ఇంగ్లీషులో విద్యార్థి రాసిన వ్యాసాన్ని అంచనా వేయడం రెండు మార్కుల ప్రశ్నలు దిద్దినంత సులువు కాదు.

నేను పాటించే పద్ధతిని ఇక్కడ వరుసగా రాస్తున్నాను. విద్యార్థి రచనను స్వయంగా చదివి, అందులో తనకు కనిపించినదాన్ని చెప్పే ప్రయత్నం చేశారా అన్నది ముందు చూడాలి. భాష, అమరిక, సమాచారం ఆ తరువాత చూడాలి. ఈ పద్ధతి అంతా ఆ ఒక్క మాట మీదే నిలబడి ఉంది. లెక్క సౌకర్యం కోసం 20 మార్కులకు, సుమారు 1,200 పదాలలో రాసిన వ్యాసాన్ని ఉదాహరణగా తీసుకున్నాను. మీ కళాశాలలో ఇంటర్నల్స్‌కు వేరే సంఖ్య ఉంటే అదే నిష్పత్తిలో మార్చుకోండి.

కావలసినవి

- తరగతిలో వాడిన పుస్తకాల ప్రతులు. అనువాదాలైతే విద్యార్థుల చేతిలో ఉన్న అనువాదమే మీ దగ్గరా ఉండాలి; లేకపోతే వారు చూపిన పుట సంఖ్య మీకు దొరకదు.
- ఒకే పుటలో రాసుకున్న మార్కుల విభజన.
- రోల్ నంబర్లతో ఒక విడి కాగితం. మార్కులు ముందుగా దీని మీదే పడాలి, వ్యాసం మీద కాదు.
- పెన్సిల్. ఎర్ర సిరా చివరికి మాత్రమే.
- ఒక్కో వ్యాసానికి 15 నిమిషాల సమయం. 40 వ్యాసాలకు 10 గంటలు పడుతుంది కాబట్టి, రోజుకు పది చొప్పున నాలుగు రోజులు కేటాయించుకోండి. ఒకే రాత్రి కూర్చుని పూర్తి చేయాలనుకుంటే ఈ పద్ధతి పనిచేయదు.

1. ముందు మీ ప్రశ్నను సరిచూసుకోండి

వ్యాసాలన్నీ ఒకేలా వచ్చాయని బాధపడే ముందు, ఇచ్చిన ప్రశ్నను ఒకసారి చదవండి. ‘ఎ డాల్స్ హౌస్ నాటకంలో స్త్రీవాదాన్ని చర్చించండి’ అని అడిగితే, నాటకం తెరవకుండానే బజారు గైడులోంచి జవాబు రాయవచ్చు. ఇబ్సెన్ రాసిన ఈ నాటకంలో నోరా తన భర్త హెల్మర్ ప్రాణం కాపాడడానికి, తండ్రి సంతకం ఫోర్జరీ చేసి క్రోగ్‌స్టాడ్ దగ్గర అప్పు తీసుకుంటుంది. అదే నాటకం మీద ఇలా అడగవచ్చు: ‘నోరా చేసిన సంతకం గురించి క్రోగ్‌స్టాడ్, నోరా, హెల్మర్ ముగ్గురూ మాట్లాడతారు. ఆ మాటల్లోని తేడా మనకు ఏమి తెలియజేస్తుంది?’ క్రోగ్‌స్టాడ్ దృష్టిలో అది చట్టం శిక్షించే నేరం, నోరాకు భర్త ప్రాణం నిలబెట్టిన పని, మూడో అంకంలో ఉత్తరం చదివిన హెల్మర్‌కు తన పరువు మీద పడిన దెబ్బ. ఈ ప్రశ్నకు జవాబు రాయాలంటే సంభాషణలు వెతుక్కోక తప్పదు.

ప్రశ్న ఇప్పటికే ఇచ్చేసి, వ్యాసాలు చేతికి వచ్చేసి ఉంటే దాన్ని మార్చలేరు. అప్పుడు చేయగలిగింది ఒకటే. ప్రశ్న వదులుగా ఉందని మీకు మీరు ఒప్పుకొని, ఆ వదులు వల్ల జరిగిన నష్టాన్ని విద్యార్థి ఖాతాలో వేయకండి.

2. మార్కుల విభజనను మాటల్లో రాసుకోండి

నేను వాడే విభజన ఇది: వాదనకు 7, రచనలోంచి ఇచ్చిన ఆధారాలకు 6, కాలం-సమాజం-అనువాదం గురించిన ఎరుకకు 3, అమరికకు 2, భాషకు 2. అంకెలు రాసుకుంటే సరిపోదు. ఒక్కో మెట్టుకు ఒక్కో వాక్యం కూడా రాసుకోవాలి. వాదన విషయంలో నా కాగితం మీద ఉండే వాక్యాలు ఇవి: ‘ఒప్పుకోకుండా ఉండడానికి అవకాశమున్న ఒక మాట చెప్పి, చివరిదాకా దాన్ని నిలబెట్టారు’ అయితే 6 లేదా 7, ‘మాట చెప్పారు గాని మధ్యలో వదిలేశారు’ అయితే 4 లేదా 5, ‘అందరూ ఒప్పుకునే మాటే చెప్పారు’ అయితే 2 లేదా 3, ‘కథ మాత్రమే చెప్పారు’ అయితే 0 లేదా 1.

ఈ కాగితాన్ని వ్యాసం రాయడానికి ముందే విద్యార్థులకు ఇవ్వండి. ఇలా ఇస్తే అందరూ దానికి తగ్గట్టే రాస్తారని కొందరు సహోద్యోగులు అభ్యంతరం చెబుతారు. తగ్గట్టు రాయాలంటే పుస్తకం చదవాలి కదా, మనకు కావలసింది అదే.

3. మార్కులు వేయకుండా ఆరు వ్యాసాలు చదవండి

కట్టను బాగా కలిపి, ఎక్కడైనా ఆరు తీసి, పెన్సిల్ కూడా పట్టకుండా చదవండి. వాటిలోంచి మూడింటిని కొలబద్దలుగా పక్కన పెట్టుకోండి: ఒకటి బాగున్నది, ఒకటి మధ్యరకం, ఒకటి బలహీనమైనది. ముందు వీటికే మార్కులు తేల్చండి. తరువాత ఎప్పుడు సందేహం వచ్చినా, ఈ వ్యాసం ఆ మూడింటిలో దేనికి దగ్గరగా ఉందో చూసుకోండి. ఇలా చేయకపోతే, మొదట చదివిన వ్యాసమే మీకు తెలియకుండా కొలబద్దగా మారిపోతుంది. అది చాలా మంచిదైతే మిగిలినవారందరికీ అన్యాయం జరుగుతుంది.

4. పేర్లు కప్పండి

మొదటి పుటను వెనక్కి మడిచి క్లిప్పు పెట్టండి. ముందు బెంచీలో కూర్చుని ప్రశ్నలు వేసే అమ్మాయి పేరు కనబడితే, ఆమె రాయని మాటలు కూడా మనకు వినిపిస్తాయి. నా విషయంలో అది చాలాసార్లు జరిగింది. చిన్న తరగతుల్లో చేతిరాతను బట్టి ఎవరిదో తెలిసిపోతుంది. అలాంటప్పుడు టైపు చేసి ఇమ్మని అడగండి, లేదా కనీసం ఒక్కో వ్యాసం మొత్తాన్ని కాకుండా, ముందు అందరి వాదనకూ, తరువాత అందరి ఆధారాలకూ మార్కులు వేస్తూ వెళ్లండి.

5. వాదన వాక్యాన్ని, ఆధారాలను వెతకండి

అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టవలసినది ఇక్కడే. మొదటిసారి ఆగకుండా చదవండి. రెండోసారి, విద్యార్థి చెప్పదలచుకున్నది ఏ ఒక్క వాక్యంలో ఉందో దాని కింద గీత గీయండి. అది ఎప్పుడూ మొదటి పేరాలోనే ఉండదు. మన విద్యార్థులు చాలామంది రాస్తూ రాస్తూ ఆలోచిస్తారు కాబట్టి, అసలు మాట తరచుగా చివరి పేరాలో బయటపడుతుంది. అలాంటి వ్యాసానికి అమరికలో ఒక మార్కు తగ్గించండి గాని, వాదన లేదనకండి.

తేడా స్పష్టంగా కనబడడానికి రెండు నమూనా పేరాలు నేనే కల్పించి రాస్తున్నాను. మొదటిది తప్పుల్లేని ఇంగ్లీషులో ఉందనుకోండి:

‘1879లో వెలువడిన ఈ నాటకం స్త్రీ స్వేచ్ఛకు ప్రతీక. నోరా తన ఇంట్లో బొమ్మలా బతికింది. చివరకు తలుపు వేసి వెళ్లిపోయి లోకాన్ని దిగ్భ్రాంతికి గురిచేసింది. ఇబ్సెన్ గొప్ప స్త్రీవాది.’

రెండోది క్రియలు తడబడిన, వాక్యాలు తెగిన ఇంగ్లీషులో ఉందనుకోండి:

‘నోరా తండ్రి సెప్టెంబరు 29న చనిపోయారు. కాగితం మీద ఆయన సంతకం పక్కన అక్టోబరు 2 అని ఉంది. మోసం చేయాలనుకున్న మనిషి ఇంత తేలిగ్గా దొరికిపోదు. అప్పు తీసుకోవడమంటే ఏమిటో, సంతకమంటే ఏమిటో ఆమెకు ఎవరూ నేర్పలేదు. బొమ్మలా ఉండడమంటే ఇదే అనుకుంటున్నాను.’

మొదటి పేరాలో ఏ వాక్యానికీ పుస్తకం అవసరం లేదు. ‘గొప్ప స్త్రీవాది’ అన్న మాటకు ఆధారమూ లేదు. 1898లో నార్వే మహిళా హక్కుల సంఘం ఇచ్చిన విందులో ఇబ్సెన్ స్వయంగా, తాను స్త్రీల హక్కుల ఉద్యమం కోసం తెలిసి పనిచేశానన్న గౌరవాన్ని స్వీకరించలేనని చెప్పారు. ఆ సంగతి తెలియనందుకు మార్కు తగ్గించనక్కరలేదు, కానీ బిరుదు ఇచ్చి ఊరుకున్నందుకు తగ్గించాలి. రెండో పేరా రాసిన విద్యార్థి తేదీల తేడాను గమనించి, దాని నుంచి ఒక నిర్ధారణకు వచ్చి, దాన్ని నాటకం పేరుతో ముడిపెట్టారు. వ్యాసాలు రెండూ ఇదే ధోరణిలో సాగితే నేను మొదటిదానికి వాదనకు 2, ఆధారాలకు 1, ఎరుకకు 1, అమరికకు 1, భాషకు 2, మొత్తం 7 వేస్తాను. రెండోదానికి 5, 5, 1, 1, 1 చొప్పున 13 వేస్తాను.

రెండో వ్యాసంతో మీకు ఏకీభావం లేకపోవచ్చు. మొదటి అంకంలోనే నోరా మాకరూన్లు (ఒక రకం తీపి బిస్కెట్లు) తినలేదని భర్తతో అబద్ధమాడుతుంది కదా, ఆమెకు మోసం తెలియదని ఎలా అంటారని అడగవచ్చు. తప్పకుండా అడగండి, వ్యాఖ్యలో అడగండి. విద్యార్థి ఎదురు ఆధారాన్ని కూడా పరిశీలించి ఉంటే వాదనకు 7 వచ్చేది, పరిశీలించలేదు కాబట్టి 5 వచ్చింది. మీ అభిప్రాయం వేరు కావడం మాత్రం మార్కు తగ్గించడానికి కారణం కాకూడదు.

హెచ్చరిక: ఉటంకింపుల సంఖ్యను లెక్కపెట్టకండి. ఎనిమిది ఉటంకింపులు అతికించి ఒక్కదాని గురించీ మాట్లాడని వ్యాసం కన్నా, ఒక్క వాక్యాన్ని తీసుకుని అర పుట ఆలోచించిన వ్యాసం మేలు. కథాసారాంశం ఎంత ఉందో తెలుసుకోవడానికి సులువైన మార్గం ఉంది. పేరాల పక్కన పెన్సిల్‌తో ‘క’ అని గాని ‘వి’ అని గాని రాయండి, కథ అయితే ‘క’, విశ్లేషణ అయితే ‘వి’. సగానికి మించి ‘క’లు ఉంటే ఆధారాలకు 3 దాటనివ్వకండి.

6. అనువాదం సంగతి విడిగా చూడండి

మిగిలిన సాహిత్యం పేపర్లకూ దీనికీ ఉన్న ముఖ్యమైన తేడా ఇదే అయినా, ఎక్కువ మంది దీన్ని దాటేస్తారు. 1915లో అచ్చయిన కాఫ్కా కథ ‘ది మెటమార్ఫసిస్’ మీద వచ్చే వ్యాసాల్లో కథానాయకుడు గ్రెగర్ బొద్దింకగా మారాడన్న మాట పదేపదే కనిపిస్తుంది. మొదటి వాక్యంలో కాఫ్కా వాడిన జర్మన్ మాట ఏ ఒక్క జాతి పురుగుకూ పేరు కాదు. అసహ్యం పుట్టించే, వదిలించుకోవలసిన ప్రాణి అన్న భావం అందులో ఉంది. ఒక ఇంగ్లీషు అనువాదం దాన్ని పెద్ద కీటకంగానూ, మరొకటి భయంకరమైన నీచప్రాణిగానూ చెప్పాయి. పుస్తకం అట్ట మీద ఆ పురుగు బొమ్మ వేయవద్దని కాఫ్కా ప్రచురణకర్తను కోరారు కూడా.

అయితే బొద్దింక అని రాసిన ప్రతివారికీ మార్కు తగ్గించాలా? నా నియమం ఇది: మాట యథాలాపంగా వచ్చి, వాదన దాని మీద ఆధారపడకపోతే పక్కన చిన్న గమనిక రాసి వదిలేయండి. బొద్దింక స్వభావం మీదే వాదన కట్టి ఉంటే ఎరుక మార్కుల్లో తగ్గించండి. పనిమనిషి గ్రెగర్‌ను పేడపురుగు అని పిలిచే చోటును చూపించి, ఇంట్లోవాళ్లు పేరు పెట్టలేనిదానికి ఆమె ఒక పేరు పెట్టిందని ఎవరైనా రాస్తే, మూడుకు మూడూ వేయండి.

దీనికి ఎదురు పొరపాటు కూడా ఉంది. చినువా అచెబె ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ 1958లో ఇంగ్లీషులోనే వెలువడిన నవల. అది ఆఫ్రికన్ భాష నుంచి అనువాదమని రాసే విద్యార్థులు ఉంటారు. నైజీరియాలోని ఇగ్బో భాష సామెతలను, మాటలను ఇంగ్లీషులోకి తెచ్చిన తీరు వారిని అలా అనుకునేలా చేస్తుంది కాబట్టి, కేవలం తప్పు అని కొట్టివేయకుండా, ఎందుకలా అనిపించిందో ఆలోచించమని రాయండి.

ప్రత్యామ్నాయం: వ్యాసం చివర వాడిన అనువాదకుల పేరు, ముద్రణ సంవత్సరం రాయడం తప్పనిసరి చేయండి. ఇంటర్నెట్‌లో దొరికిన పేరులేని పీడీఎఫ్ వాడి ఉంటే ఆ సంగతే రాయమనండి.

7. సమాజం గురించిన వాక్యాలను, పోలికలను పరీక్షించండి

‘ఆఫ్రికన్లు మూఢనమ్మకాలు కలవారు’, ‘పాశ్చాత్య స్త్రీకి కుటుంబ బంధాలు ఉండవు’ వంటి వాక్యాలు కనబడితే ఆగండి. అచెబె నవల చివరి పుటలో బ్రిటిష్ జిల్లా కమిషనర్, కథానాయకుడు ఒకోంక్వో జీవితమంతా తన పుస్తకంలో ఒక పేరాకు సరిపోతుందని అనుకుంటాడు. అదే పని వ్యాసం కూడా చేస్తుంటే, విద్యార్థి ఆ పుట దాకా రాలేదనుకోవచ్చు. మందలింపుగా రాయకండి. ‘నవలలో ఈ మాటకు ఎదురుగా నిలిచే పాత్ర ఎవరు?’ అని అడగండి. ఒకోంక్వో ఇంట పెరిగిన కుర్రవాడు ఇకెమెఫ్యూనా హత్యలో పాలుపంచుకోని, ఒకోంక్వో మిత్రుడు ఒబియెరికా గుర్తుకు వస్తాడు, ఆచారం గురించి ఆ సమాజంలోనే ప్రశ్నలు ఉన్నాయని అర్థమవుతుంది.

మన విద్యార్థులకు తెలుగు రచనలతో పోల్చాలన్న ఉత్సాహం సహజంగానే ఉంటుంది, దాన్ని అణచకండి. కానీ ‘ఎ డాల్స్ హౌస్, కన్యాశుల్కం రెండూ స్త్రీల సమస్యలను చూపాయి’ అన్నది ఇంకా పోలిక కాలేదు. పోలికకు ఒక ఇరుసు కావాలి. భర్త అనుమతి లేకుండా అప్పు తీసుకోలేని చోట నోరా సంతకం ఫోర్జరీ చేస్తుంది. సుబ్బి పెళ్లి ఆపడానికి కరటక శాస్త్రులు మహేశానికి ఆడవేషం వేయిస్తాడు. చట్టమూ ఆచారమూ దారి మూసినప్పుడు మోసం ఎవరికి హాస్యంగా ముగుస్తుంది, ఎవరికి ఇల్లు విడిచే దాకా తెస్తుంది అని అడిగితే అది పోలిక. తేడాను చూపని పోలికకు ఎరుక కింద ఒక మార్కు మించి వేయకండి.

8. భాషకు రెండు మార్కులే, రెండుసార్లు తగ్గించకండి

ఇంగ్లీషు తప్పులు అమరికలోనూ వాదనలోనూ కూడా మనసును పాడుచేస్తాయి. ఒక వాక్యం అర్థం కాకపోతే దాని పక్కన ప్రశ్నార్థకం పెట్టి ముందుకు వెళ్లండి. అలాంటివి ఐదు దాటి వాదనే అందకుండా పోతే, విద్యార్థిని పిలిచి ఆ చోట్ల ఏమి చెప్పదలచుకున్నారో తెలుగులోనే చెప్పమనండి. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవారికి, వ్యాసానికి ముందు పది వాక్యాల ప్రణాళికను తెలుగులో రాసి ఇచ్చే అవకాశం ఇవ్వడం ఇంకా మంచి మార్గం.

9. నకలు అనుమానం వస్తే

మూడు వ్యాసాల్లో ఒకే వాక్యం కనిపిస్తే అది గైడులోనిది కావచ్చు. అన్నీ సమంగా తూకం వేసినట్లు సాగి, పుట సంఖ్య లేకుండా, మీ ప్రతిలో ఎక్కడా దొరకని ఉటంకింపులతో ఉంటే చాట్‌బాట్ రాసి ఉండవచ్చు. ఇవి అనుమానాలే, రుజువులు కావు. గుర్తించే సాఫ్ట్‌వేర్ ఇచ్చే శాతాన్ని ఒక్కదాన్నే పట్టుకుని సున్నా వేయకండి. స్వయంగా రాసినవారిని కూడా అది తప్పుపట్టగలదు. ఆ వ్యాసాన్ని పక్కన పెట్టి, విద్యార్థితో ఐదు నిమిషాలు కూర్చోండి. పుస్తకం వారి చేతికిచ్చి, వ్యాసంలో ప్రస్తావించిన చోటును తెరిచి, దీన్నే ఎందుకు ఎంచుకున్నారని అడగండి. చదివినవారు తడబడుతూనైనా చెబుతారు. నకలని తేలితే మీ కళాశాల నిబంధన ప్రకారం నడవండి.

10. వ్యాఖ్య మూడు వాక్యాల్లో రాయండి

ఒకటి వ్యాసం చేసిన పని, ఒకటి మీకు మిగిలిన ప్రశ్న, ఒకటి తరువాతి వ్యాసంలో చేయవలసిన పని. ఉదాహరణకు: ‘తేదీల తేడాను పట్టుకుని నోరాకు చట్టం తెలియదని చూపావు. మాకరూన్ల అబద్ధాన్ని ఈ వాదనలో ఎక్కడ పెడతావు? ఈసారి నీ అసలు మాటను మొదటి పేరాలోకి తీసుకురా.’ ‘గుడ్’, ‘ఇంప్రూవ్’ అన్న మాటలు ఎవరికీ ఉపయోగపడవు. వ్యాకరణ దోషాల్లో పదేపదే వచ్చిన రెండింటిని మాత్రమే దిద్దండి. పుటంతా ఎర్రబడితే విద్యార్థి ఏదీ చదవరు.

ఫలితం సరిగా ఉందో లేదో చూసుకోవడం

మార్కులు ఖరారు చేసే ముందు కొన్ని పరీక్షలు పెట్టుకోండి. ఒక రోజు విరామమిచ్చి, ప్రతి ఐదో వ్యాసాన్ని మొదటి మార్కు చూడకుండా మళ్లీ దిద్దండి. మార్కులు విడి కాగితం మీద వేయమన్నది ఇందుకే. 40లో 8 వ్యాసాలు వస్తాయి. తేడా ఒక మార్కు లోపు ఉంటే పర్వాలేదు. రెండు గాని అంతకు మించి గాని తేడా రెండు మూడు చోట్ల వస్తే, కొలబద్ద వ్యాసాలను మళ్లీ చదివి కట్ట మొత్తం తిరగేయక తప్పదు.

తరువాత, మొదటి రోజు పది వ్యాసాల సగటునూ చివరి రోజు పది వ్యాసాల సగటునూ పోల్చండి. కట్టను ముందే కలిపారు కాబట్టి పెద్ద తేడా ఉండకూడదు. ఉంటే అది సాధారణంగా మీ అలసట. మార్కులన్నీ 12, 14 మధ్యే ఇరుక్కుంటే, మీరు తీర్పు చెప్పకుండా మధ్యలో తలదాచుకుంటున్నారని అర్థం.

నాకు అన్నిటికన్నా ఎక్కువ నేర్పిన పరీక్ష మరొకటి ఉంది. భాష మార్కుల వరుసలో ఒకసారి, వాదన మార్కుల వరుసలో ఒకసారి పేర్లు పేర్చి చూడండి. రెండు వరుసలూ ఇంచుమించు ఒకటే అయితే, మీరు వాదన పేరుతో ఇంగ్లీషుకే మార్కులు వేస్తున్నారేమో అనుమానించాలి. నేను మొదటిసారి ఇలా పేర్చినప్పుడు రెండు వరుసలూ ఒకేలా వచ్చాయి; ఆ కట్టలో పదకొండు వ్యాసాలను మళ్లీ దిద్దవలసి వచ్చింది.

వీలైతే ఐదు వ్యాసాలను సహోద్యోగికి ఇచ్చి, మీ విభజన కాగితంతోనే దిద్దమనండి. పేపరు చెప్పేది మీరొక్కరే అయిన చిన్న కళాశాలలో, పక్క ఊరి కళాశాలలో అదే పేపరు చెప్పేవారితో, పేర్లు తీసేసిన నకళ్లను మార్చుకోవచ్చు.

వ్యాసాలు తిరిగి ఇచ్చేటప్పుడు మార్కులు చెప్పకుండా, వ్యాఖ్యలతో మాత్రమే ఇచ్చి, విభజన కాగితం చూసుకుని తమకెంత వస్తుందో రాయమనండి. మీ అంకెకూ వారి అంకెకూ మూడు మార్కులకు మించి తేడా ఉన్నవారిని విడిగా పిలిచి మాట్లాడండి. మార్కు పెంచమని అడిగేవారిని, ఏ అంశంలో, ఏ పేరాను చూసి పెంచాలో ఐదు వాక్యాల్లో రాసి తెమ్మనండి. అలా రాసి తెచ్చినవారి వ్యాసాన్ని మరునాడు తీరిగ్గా కూర్చుని మళ్లీ చదవండి, పొరపాటు మీదైతే కాగితం మీద అంకె మార్చి, ఆ సంగతి వారితో చెప్పండి.